మునిశేఖర్ చెప్పిన సర్వర్ కొలత

ఒక పనిని చెడగొట్టడానికి మామూలు మనిషికి ఒక్క మార్గం చాలు. నేను ఒకే పనిని ముందు చిన్నదిగా చెప్పి చెడగొట్టాను, తర్వాత పెద్దదిగా చెప్పి చెడగొట్టాను, చివరికి సరిగ్గా చేసి మరీ చెడగొట్టాను. ఈ మూడో రకం అందరికీ చేతకాదు. మా ఆఫీసులో ఎవరు కొత్తగా చేరినా "అన్నా, ఆ ముని కథ ఒకసారి చెప్పన్నా" అంటారు. చెప్పి చెప్పి దవడలు నొప్పి పుడుతున్నాయి. అందుకే రాసి పడేస్తున్నాను. ఇకమీద ఎవరడిగినా ఈ కాగితాలు చేతిలో పెట్టి, నేను పోయి టీ తాగొస్తాను.

నా పేరు మునిశేఖర్. మాది పుత్తూరు. విరిగిన చేతులకూ కాళ్ళకూ కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి జనమో మా ఊరొస్తారని మీకు తెలుసు కదా. కట్టించుకున్నాక వాళ్ళు నీరసంగా వచ్చి కూలబడే టీకొట్టు మా నాయనది. తిరుపతిలో నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు నుంచీ, కట్టుతో వచ్చిన ప్రతివాడికీ మా నాయన ఒకటే మాట చెప్పేవాడు: "మా వోడు తిరప్తిలో కంప్యూటర్లకు కట్టు కడతాడప్పా. యాడ విరిగినా అతికిచ్చేస్తాడు."

నేను చేరింది తిరుపతి, పుత్తూరు, శ్రీకాళహస్తి, చిత్తూరు ఊళ్ళలో కాలేజీలూ బళ్ళూ ఒక ఆస్పత్రీ నడిపే సంస్థలో. పేరు చెప్పను, వాళ్ళ తప్పేమీ లేదు. నాది టెంపరరీ ఉద్యోగం. పని బాగా చేస్తే పర్మనెంట్ చేస్తామన్నారు. ఆ పర్మనెంట్ కాగితం కోసం మా నాయన నాకంటే ఎక్కువగా ఎదురు చూసేవాడు. నేను ఇంటికి పోతే "తిన్నావా" అని కాదు, "ఆర్డర్ వచ్చిందా" అని అడిగేవాడు.

మా మేనేజరు దొరస్వామి సార్. రిటైర్మెంట్‌కు దగ్గర పడిన మనిషి. ఒకరోజు నన్ను పిలిచి, సంస్థ మొత్తానికి డైరెక్టరీ సాఫ్ట్‌వేర్ పెట్టాలన్నాడు. అదేమిటంటారా? అందరి పేర్లూ, ఫోన్ నంబర్లూ, పాస్‌వర్డులూ ఒకే చోట దాచే సాఫ్ట్‌వేర్. ఏ ఊళ్ళో ఎవరు కంప్యూటర్ తెరిచినా అది ముందు ఈ డైరెక్టరీని "ఈయన మనవాడేనా?" అని అడుగుతుంది. ఇది అవునంటేనే లోపలికి. ఇది పలక్కపోతే నాలుగు ఊళ్ళూ గుమ్మంలోనే నిలబడాలి.

"సాఫ్ట్‌వేర్ ఉండాది. దాన్ని నడిపే మిషన్ ఎంత పెద్దది కావాలో నువ్వు సెప్పు శేఖరూ," అన్నాడు దొరస్వామి సార్. "నాకు కొత్త ఇద్దెలు నేర్చుకునే ఓపిక లేదప్పా. నువ్వు సెప్పిందే రాసి పైకి పంపిస్తా. ఇది సక్కగా జరిగితే నీ ఆర్డర్ మీద నేనే సంతకం పెట్టిస్తా."

మిషన్లు అమ్మే సెల్వం చెన్నై నుంచి వచ్చాడు. మంచివాడు. మన తెలుగునూ తన తమిళాన్నీ కలిపి సాంబారన్నంలా వడ్డిస్తాడు.

"పెద్దదే తీసుకో తంబీ," అన్నాడు. "నాలుగూర్ల జనం ఒకే తూరి తలుపు కొడితే సిన్న మిషన్ పాపం ఏం సేస్తాది?"

"మీరు అమ్మేవోళ్ళన్నా," అన్నాను నేను. అప్పట్లో నా గొంతులో కొంచెం మీసం ఉండేది. "బట్టలంగడి వాడు కూడా అంతే. పిలగాడికి పెద్ద కొలతే కట్టబెడతాడు, పెరుగుతాడులే అని."

"సరి తంబీ. నీ ఇష్టం."

ఆయన వాదించకపోవడమే నా గెలుపు అనుకున్నాను. లెక్క నా దగ్గర సిద్ధంగా ఉంది మరి. ఒక్కో మనిషి వివరాలు ఎంత చోటు తీసుకుంటాయో చూశాను, సంస్థలో ఉన్నవాళ్ళతో గుణించాను, పైన కూరగాయలమ్మేవాళ్ళలా కాస్త కొసరు వేశాను. మిక్సీ పెట్టె అంత మిషన్ సరిపోతుందని తేలింది. అదే రాసిచ్చాను.

ఊరికే రాసిచ్చానా? పరీక్ష కూడా చేశాను. ఆ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఇంకో చిన్న ప్రోగ్రాం ఇచ్చారు. పరీక్షల కోసం అది ఉత్తుత్తి మనుషుల్ని పుట్టిస్తుంది. ఎంతమంది కావాలంటే అంతమంది, క్షణంలో. వాళ్ళందరినీ మిషన్‌లో నింపి ఒక్కొక్క పేరూ వెతికితే, చిటికె వేసేలోపు సమాధానం వచ్చేది. నేను కుర్చీలో వెనక్కి వాలి మురిసిపోయాను. దొరస్వామి సార్‌ని కూడా పిలిచి చూపించాను.

"బో వేగంగా ఉండాదే!" అన్నాడాయన.

ఆ ఉత్తుత్తి మనుషులంతా ఇంగ్లీషు పేర్ల దొరలని మాత్రం మేమిద్దరం గమనించలేదు. ఒకరి పేరు ఇంకొకరికి లేదు. అంత జనంలో ఒక్క మునెయ్య లేడు. ఒక్క మునెమ్మ లేదు. మా వైపు లాగా మునేశ్వరుడికి మొక్కుకుని పిల్లల్ని కని, ఆయన పేరే పెట్టుకున్న తల్లి ఆ ఉత్తుత్తి ఊళ్ళో ఒక్కతీ లేదు.

నా పేరులోనే ముని ఉన్నాడు, చూడండి. మా తాత మునెయ్య. మా అత్త మునిలక్ష్మి. మా చిన్నాయన మునిరాజ. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన ఆమె నాకంటే నయం. ఆమెకు కనీసం పిల్ల పేరైనా గుర్తుంది.

చిన్న మిషన్ వచ్చింది. దానికి బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, పూలమాల వేశారు. మిషన్ చిన్నది, మాల పెద్దది. మాలలోంచి చిన్న దీపం ఒకటి పచ్చగా మినుక్కుమంటోంది. నాలుగు ఊళ్ళ శాఖలకూ ఈ రోజు నుంచి ఇదే అని ముందే చెప్పేశారు. ప్రారంభానికి చైర్మన్ సార్ వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

"ఏం వెతకాలబ్బా?"

"మీకు తెలిసిన పేరేదైనా కొట్టండి సార్," అన్నాను చేతులు కట్టుకుని.

"మా డ్రైవర్ మునిరత్నం పొద్దన్నుంచీ ఫోనెత్తడం లేదు. వాడి నంబరే సూద్దాం."

ఆయన ఒక్క వేలితో, వడ్లగింజ ఏరినట్టు ఏరి, 'ముని' అని కొట్టారు. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. అందరం దాన్ని చూశాం. అది తిరిగింది. మేము చూశాం. అది తిరిగింది.

"మళ్ళీ కొట్టండి సార్," అన్నాను.

అలా అనకుండా ఉండాల్సింది. ఆయన మళ్ళీ కొట్టారు. రెండో చక్రం కూడా తిరిగింది. అప్పటికే ఉత్సాహం ఆపుకోలేక నాలుగు ఊళ్ళలోనూ జనం తమకు తెలిసిన మునిని వెతుకుతున్నారని తర్వాత తెలిసింది. ఇంతలో దొరస్వామి సార్ ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి. ఎవరి కంప్యూటరూ తెరుచుకోవడం లేదట. పెట్టేలోపు చిత్తూరు కాలేజీ. ఆ వెనకే శ్రీకాళహస్తి. డైరెక్టరీ మునుల కోసం వెతుకుతూ ఉంటే, "ఈయన మనవాడేనా" అని అడిగే కంప్యూటర్లన్నీ దాని వెనక ధర్మదర్శనం క్యూ కట్టి నిలబడ్డాయి.

"ఇదేందప్పా శేఖరూ?" అన్నాడు దొరస్వామి సార్, ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకుని.

"తెలీదు సార్, చూసి చెప్తాను" అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. మీకూ నాకూ శ్రమ తప్పేది. కానీ చైర్మన్ సార్ నా వైపే చూస్తున్నారు. వయసులో ఉన్నవాడికి తెలీదనే మాట గొంతు దాటి రాదు.

"మిషన్ చిన్నదైంది సార్," అన్నాను. గట్టిగా అన్నాను.

"అంతేనా? అయితే పెద్దది తెండి," అని లేచి వెళ్ళిపోయారాయన.

సెల్వానికి ఫోన్ చేయడానికి నాకు సిగ్గేసింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "అప్పుడే సెప్తిని కదా తంబీ," అని ఎంత ప్రేమగా అన్నాడంటే, తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

ఈసారి నేను కొసరు వేయలేదు. కొసరు మీదే అసలు వేశాను. వాళ్ళ దగ్గరున్న వాటిలో ఇంతకంటే పెద్దది లేదన్నంత పెద్దది రాసిచ్చాను. లారీలో వచ్చింది. బీరువా అంత ఉంది. తా దూర కంత లేదు, మెడకో డోలు అంటారు కదా, ఆ సామెత పుట్టింది మా సర్వర్ గది తలుపు దగ్గరే అయ్యుండాలి. వడ్రంగిని పిలిపించి ద్వారబంధం పీకించి లోపల పెట్టాం. పెట్టాక, అది అంత వేడిని ఊదుతుందని తెలిసింది. ఏసీ లేకపోతే లాభం లేదన్నాడు సెల్వం. కొత్తది వచ్చేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు. దొరస్వామి సార్ గదిలో ఏసీ విప్పి తెచ్చి దీనికి పెట్టాం.

"పోనీలేప్పా," అన్నాడాయన ఫైలుతో విసురుకుంటూ. "ఇంటికి పోయేవోడికి సల్లగాలి ఎందుకు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ రెండో ప్రారంభం దగ్గర పడింది. ఏడవడానికి తీరిక లేదు.

రెండోసారి పూలమాల లేదు. నిమ్మకాయ మాత్రం రెండు కట్టారు. చైర్మన్ సార్ కూర్చోలేదు, నిలబడే 'ముని' అని కొట్టారు. చక్రం తిరిగింది. పెద్ద మిషన్ కాబట్టి కాసేపు ఓర్చుకుంది. ఈలోపు నాలుగు ఊళ్ళ జనమూ "కొత్త మిషన్ వచ్చిందంట, ఇప్పుడు సూద్దాం" అని పాత మునులనే వెతకడం మొదలుపెట్టారు. అంతే. చిన్నది చతికిలబడినట్టు కాకుండా, ఇది ఏనుగు కూర్చున్నట్టు గంభీరంగా ఆగిపోయింది.

చైర్మన్ సార్ నన్ను చూడలేదు. అదే భయమేసింది. "ఈ పిలగాడి పర్మనెంట్ కాయితం నా టేబుల్ మీద ఉండాది కదా దొరస్వామీ?" అన్నారు. "దాన్ని పక్కన పెట్టు. సోమవారానికి ఇది నడవకపోతే సింపేద్దాం."

ఆదివారం పుత్తూరు పోయాను. మా నాయనకు చెప్పేద్దామనే పోయాను. కొట్టు దగ్గర దిగీ దిగగానే, కుడిచేతికి కట్టున్న ఒక పెద్దాయన ఎడమచేత్తోనే నాకు దండం పెట్టి, "పర్మనెంట్ అయిందంట కదా నాయనా, సంతోషం," అన్నాడు. కాలికి కట్టున్న ఇంకొకాయన బెంచీ మీద నుంచే చెయ్యి చాచాడు. మా నాయన ఆర్డర్ కోసం ఆగలేక ముందే చెప్పేసుకున్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం సంగతి విన్నాం. మా నాయన సోమలింగానికి పెన్షన్ కూడా ఇప్పించేశాడు.

ఏం చెప్పను? బెంచీ మీద కూర్చున్నాను. మా నాయన పాలు పొంగుతుంటే కంగారుగా అరిచాడు.

"ఒరే మునీ! ఆ గిన్నె పట్టుకో!"

నేను లేచాను. నాతో పాటు ఎడమచేత్తో దండం పెట్టిన పెద్దాయన లేచాడు. మూలన టీ తాగుతున్న ఇద్దరు గ్లాసులు కింద పెట్టారు. కాలు విరిగినాయన లేవలేక లేవబోతూ "అమ్మా!" అన్నాడు.

"నువ్వు కూసోప్పా! నిన్ను కాదు, మా వోణ్ణి!" అన్నాడు మా నాయన.

పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి. నేను గిన్నె పట్టుకోలేదు. ఉన్నచోటనే నిలబడి "ముని, ముని, ముని" అనుకుంటున్నాను. ఎవరైనా చూస్తే పిల్లాడు తపస్సుకు పోతున్నాడనుకునేవారు.

పుస్తకం వెనక సూచిక ఉంటుంది చూడండి, ఈ మాట ఫలానా పేజీలో ఉందని. డైరెక్టరీలో పేర్లకూ అలాంటి సూచికే ఉంటుంది. ఒక మాట కింద పదిమందో ఇరవైమందో ఉంటే అది వెంటనే చెప్పేస్తుంది. మరీ ఎక్కువ మంది చేరారనుకోండి, ఇంతమందిని నేను గుర్తు పెట్టుకోలేనని విసుక్కుని ఆ సూచికను అవతల పారేస్తుంది. ఇక మొదటి మనిషి నుంచి చివరి మనిషి దాకా ఒక్కొక్కర్నీ తట్టి లేపి "నువ్వు మునివేనా? నువ్వు మునివేనా?" అని అడుగుతూ పోతుంది. ఇంకొకరు ముని అని కొడితే మళ్ళీ మొదటి నుంచి. దొరల ఊళ్ళో ఈ అవస్థ రాదు. మా నాలుగు ఊళ్ళలో రాయి విసిరితే మునిరత్నం తలకు తగిలి, ఎగిరి మునెమ్మ కడవ మీద పడుతుంది. దీనికి చిన్న మిషనైనా ఒకటే, పెద్ద మిషనైనా ఒకటే.

సోమవారం పొద్దున్నే పోయి సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఒక్క మార్పు చేశాను. ఎవరు ఏ పేరు వెతికినా, వరసలో మొదట దొరికిన పది మందిని చూపించి అక్కడితో ఆగిపొమ్మన్నాను. ముందు చేరినవాళ్ళు ముందు, తర్వాత చేరినవాళ్ళు తర్వాత. పెద్ద మిషన్‌ను ఆపేసి, అదే మార్పు పాత చిన్న మిషన్‌లోనూ చేసి చూశాను. 'ముని' అని కొట్టాను. చిటికె వేసేలోపు పది మంది మునులు వచ్చి నిలబడ్డారు.

దొరస్వామి సార్ నా వెనక నిలబడి చూస్తున్నాడు.

"అంటే తప్పు సిన్న మిషన్‌ది కాదా?"

"కాదు సార్."

"పెద్దదానిదీ కాదా?"

"కాదు సార్."

ఆయన మెడ మీది చెమట తుడుచుకున్నాడు. "మరి నా ఏసీ?"

కొండను తవ్వి ఎలుకను పట్టడం పాత కథ. మేము ఎలుకను పట్టడం కోసం కొండనే కొనుక్కొచ్చి గదిలో పెట్టుకున్నాం. ఆ కొండ ఇప్పటికీ ఉంది. ద్వారబంధం మళ్ళీ బిగించేశారు కాబట్టి అది బయటికి రాలేదు.

చైర్మన్ సార్ వచ్చి 'ముని' అని కొట్టారు. మూడో వరసలోనే డ్రైవర్ మునిరత్నం కనిపించాడు. ఆయన ముఖం విచ్చుకుంది. "శభాష్! ఈ పిలగాడి పర్మనెంట్ ఆర్డర్ ఇప్పుడే పంపించండి. ఇంక నుంచి అన్ని ఆర్డర్లూ ఈ డైరెక్టరీలో పేరు సూసే పోవాల," అన్నారు. నా ఛాతీ ద్వారబంధం అంతైంది.

ఆ రోజు ఆర్డర్ రాలేదు. మర్నాడూ రాలేదు. మా నాయన ఫోన్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. చివరికి ఉద్యోగుల వ్యవహారాలు చూసే రెడ్డెమ్మ మేడమ్ దగ్గరికి పోయాను.

"మేడమ్, నా పర్మనెంట్ ఆర్డర్..."

"మునిశేఖర్ గారిదా? అది ఆ రోజే పంపినాము కదా. ఆయన శ్రీకాళహస్తిలో తీసుకున్నాడు కూడా. స్టేజీ ఎక్కినోళ్ళందరితో పాటు ఆయనకూ చైర్మన్ సారే శాలువా కప్పినారు."

"మేడమ్, మునిశేఖర్ని నేను."

ఆమె నన్ను జాలిగా చూసింది. "మీ పేరు కొడితే పది మంది వచ్చినారు. తొమ్మిది మంది అప్పటికే పర్మనెంట్. అందరికన్నా పైనున్న ఆయనొక్కడే టెంపరరీ. ఇంక అనుమానమేముంది? మీరు ఆ పది మందిలో యాడా లేరే."

"నేను పదకొండోవాణ్ణి మేడమ్. కొత్తగా చేరినాను కదా. పది మందితో ఆపేస్తుంది."

"ఎవరు పెట్టినారు అట్లా?"

నేను ఆమె టేబుల్ మీది ఫైళ్ళు సర్దాను.

"మరి ఆ ఆర్డర్ మార్చడానికి లేదా మేడమ్?"

"చైర్మన్ సార్ కప్పిన శాలువా ఎవరు పీకుతారప్పా? మళ్ళీ యాడాది పేర్లు పంపేటప్పుడు సూద్దాం."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"అన్నా, ఆ సాఫ్ట్‌వేర్ పెట్టిన సారు మీరేనంట కదా? నేను కాళాస్తి నుంచి మునిశేఖర్ని. కాలేజీ బస్సు నడుపుతాను."

"చెప్పన్నా," అన్నాను.

"నా జుట్టు నెరిసిపోయిందన్నా టెంపరరీగానే. నా తర్వాత వచ్చినోళ్ళంతా పర్మనెంట్ అయిపోయినారు. ఎందరి కాడికి పోయినానో, ఎవురికీ నా పేరు కనపళ్ళా. మీ మిషన్‌కు కనపడింది సూడన్నా! దానికి కండ్లుండాయి. మీ పిల్లాజెల్లా సల్లగా ఉండాల."

నాకు పెళ్ళే కాలేదు. కోపం తెచ్చుకుందామని గట్టిగా ప్రయత్నించాను, రాలేదు. ఫోన్‌లో ఆయన ముక్కు చీదడం వినిపించింది. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొన్ని ఆయన కోసం, ఎక్కువ నా కోసం. త్యాగం చేశానని మాత్రం అనుకోకండి, శాలువా కప్పకపోయి ఉంటే పోయి అడిగేవాణ్ణే.

పెట్టగానే మా నాయన ఫోన్.

"ఏమిరా, ఆర్డర్ వచ్చిందా?"

"వచ్చింది నాయనా. మునిశేఖర్ పేరు మీదనే వచ్చింది."

"నేను సెప్పలా!" అని అరిచి, ఆ పూట కొట్టులో ఉన్న విరిగిన చేతులకూ కాళ్ళకూ అన్నిటికీ ఊరికే టీ పోశాడు. అసలు సంగతి మా నాయనకు మరుసటి ఏడాది నా ఆర్డర్ వచ్చాక చెప్పాను. కడుగుతున్న గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత "కాళాస్తాయనకు పిల్లోళ్ళు ఎంతమంది?" అని అడిగాడు.

కాబట్టి చదివేవాళ్ళందరి ఎదుట, ఏడుకొండల వైపు చెయ్యెత్తి ఒట్టు వేస్తున్నాను. ఏ ఊరికి ఎంత మిషన్ కావాలో ఈ జన్మలో ఎవరికీ చెప్పను, అడిగితే సెల్వం నంబరిస్తాను. ఇక ఏ జాబితానైనా ఇంతమందితో ఆపెయ్యమని మిషన్‌కు చెప్పాల్సి వస్తే, ముందు నా పేరు ఎన్నోదో చూసుకుని, ఆ తర్వాతే ఆపుతాను.